బొమ్మలు పట్టా అడగవు

దసరా, సంక్రాంతి సెలవులు వస్తే రామచంద్రపురం నుంచి యాత్రా బస్సులు బయలుదేరుతుంటాయి. కాశీ, అయోధ్య, షిర్డీ, ద్వారక. ఆ మధ్య మా స్కూల్లో పనిచేసే ఒక మేడం గారు ద్వారక, సోమనాథ్ చూసుకుని, తిరుగుదారిలో సర్దార్ పటేల్ విగ్రహం దగ్గర ఒక పూట ఆగి వచ్చారు. స్టాఫ్‌రూంలో ప్రసాదం పెట్టి, ఫోను నా చేతికిచ్చి, "చూడండి మేడం, మీ వాళ్ళు ఎంత బాగా డాన్సు చేస్తున్నారో!" అన్నారు.

మీ వాళ్ళు అంటే ఎవరు? నేను దేవీపట్నం మండలం కోయ ఇంటి పిల్లని. ఆ వీడియోలో ఉన్నవాళ్ళు గుజరాత్‌లో నర్మద ఒడ్డున ఉండే ఆదివాసులు. మా మాట వాళ్ళకి రాదు, వాళ్ళ మాట మాకు రాదు. నేను టీటీసీ చేసి, ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాలో ఉద్యోగం తెచ్చుకుని, బదిలీల్లో ఈ డెల్టాకి వచ్చి పడ్డాను. 2022లో మా ఏజెన్సీ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది, నేను మాత్రం వరిచేల మధ్య ఉండిపోయాను. ఇక్కడివాళ్ళకి అరకులో ఉన్నా, గుజరాత్‌లో ఉన్నా, రంగు బట్టలు కట్టి వరసగా నిలబడి ఆడితే అందరూ "మీ వాళ్ళే". నాకు కోపం రాలేదు. ఆవిడ మంచి మనిషి, మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు. పైగా ఆ రాత్రి కూర్చుని కెవడియా గురించి దొరికినంత చదివాక, ఆవిడ తెలియక అన్నమాటే నిజం అనిపించింది. వాళ్ళు నిజంగా నా వాళ్ళే. డాన్సు వల్ల కాదు, భూమి వల్ల.

కెవడియా సంగతి మన యువకులు వివరంగా తెలుసుకోవాలి. నర్మద మీద సర్దార్ సరోవర్ డ్యామ్‌కి 1961 ఏప్రిల్ 5న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. ఆ రోజుల్లోనే కెవడియా, వాఘడియా, లిమ్డి, నవగామ్, గోరా, కోఠి అనే ఆరు ఊళ్ళ భూమిని ప్రాజెక్టు కాలనీ కోసం, అంటే ఇంజనీర్ల ఇళ్ళు, ఆఫీసులు, గోడౌన్ల కోసం ప్రభుత్వం తీసుకుంది. ఆ ఊళ్ళలో ఎక్కువమంది తడ్వీ ఆదివాసులు. తీసుకున్నదాంట్లో చాలా భూమి వాడకుండా మిగిలిపోయింది. వాళ్ళు అక్కడే ఇళ్ళు వేసుకుని, అదే చేను దున్నుకుంటూ ఉన్నారు. పిల్లలు పుట్టారు, ఆ పిల్లలకి పిల్లలు పుట్టారు. కాగితంలో మాత్రం ఆ నేల ప్రభుత్వానిది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. డ్యామ్ నీళ్ళలో ఊరు మునిగితే "ముంపు బాధితులు". వాళ్ళకి నష్టపరిహారం, బదులు భూమి అని ఏదో ఒక లెక్క ఉంది, అది ఎంత సరిగా అమలైందన్నది వేరే గొడవ. ఈ ఆరు ఊళ్ళు మునగలేదు. కాలనీకి పోయాయి. అందుకని ముంపు బాధితుల్లో వీళ్ళని చేర్చలేదు. డ్యామ్ వల్ల నేల పోయింది, కానీ డ్యామ్ బాధితులు కారు! ఆ గుర్తింపు కోసమే వాళ్ళు దశాబ్దాలుగా పోరాడుతూ వచ్చారు.

ఆ తరవాత విగ్రహం వచ్చింది. 182 మీటర్లు, దాదాపు 3,000 కోట్ల రూపాయలు, 2018 అక్టోబరు 31న ఆవిష్కరణ. ఆ రోజు చుట్టుపక్కల 72 ఊళ్ళలో పొయ్యి వెలిగించకూడదని ఆదివాసీ సంఘాలు పిలుపునిచ్చాయి. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, అదీ దాని అర్థం. దానికి ముందు 22 ఊళ్ళ సర్పంచులు ప్రధానమంత్రికి బహిరంగ లేఖ రాసి, మేము మీకు స్వాగతం చెప్పలేము అన్నారు. పటేల్ మీద వాళ్ళకేం పగ లేదు. పటేల్ కాళ్ళ కింద ఉన్న నేల గురించి వాళ్ళు అడుగుతున్నారు.

విగ్రహంతో ఆగితే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదేమో. విగ్రహం చుట్టూ పార్కులు మొదలయ్యాయి. ఒకటి చూసి వెళ్ళిపోయే యాత్రికుణ్ణి రెండు రోజులు ఉంచాలంటే చూడటానికి ఇంకేదో ఉండాలి కదా! వందల ఎకరాల్లో జంగిల్ సఫారీ, ఔషధ మొక్కలకి ఆరోగ్యవనం, రాత్రిపూట వెలిగే దీపాల తోట, పడవ విహారం, హోటళ్ళు, రాష్ట్రాల భవనాలు. పిల్లలకి పోషకాహార పార్కు ఒకటి. అందులో బొమ్మ రైలు తిరుగుతుంది, పండ్లు కూరగాయలు అని ఒక స్టేషను, పాలు అని ఒక స్టేషను. ఇవన్నీ చాలావరకు 2020 అక్టోబరు 30న ఒక్కసారే ప్రారంభించారు. నేను టీచర్ని కాబట్టి ఆ పోషకాహార పార్కు దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. ఆ నర్మద జిల్లా, దేశంలో వెనకబడిన జిల్లాలని కేంద్రం 2018లో వేసిన ఆకాంక్షిత జిల్లాల జాబితాలో ఉంది. పిల్లల పోషణ కూడా ఆ వెనకబాటు కొలతల్లో ఒకటి. మొక్కజొన్న, కందులు పండించుకుని తినే చేను కోసం కొట్లాడుతున్న ఊళ్ళ పక్కనే, టికెట్టు కొని రైలెక్కి "పప్పు తినండి" అని నేర్చుకునే పార్కు. ఎవరో కావాలని వెటకారంగా కట్టినా ఇంత బాగా కుదరదు.

2019 డిసెంబరులో గుజరాత్ అసెంబ్లీ ఆ ప్రాంతానికి ప్రత్యేకంగా పర్యాటక అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం చేసింది. 2020 మే నెలలో, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉండగా, ఆ ఊళ్ళలో పోలీసు బందోబస్తుతో కంచె వేసే పని మొదలుపెట్టారు. ఆ రోజుల్లో మనమంతా చేతులు కడుక్కుంటూ ఇళ్ళలో కూర్చున్నాం, వాళ్ళు మాస్కులు కట్టుకుని చేను గట్టు మీద నిలబడ్డారు. అదే ఏడాది, పక్కనున్న శూల్పాణేశ్వర్ అభయారణ్యం చుట్టూ 121 ఊళ్ళని పర్యావరణ సున్నిత ప్రాంతంగా ప్రకటించిన 2016 నోటిఫికేషన్ మీద గొడవ పెరిగింది. అధికార పార్టీలోనే ఉన్న భరూచ్ ఎంపీ మన్‌సుఖ్ వసావా డిసెంబరులో ఈ విషయం మీదే పార్టీకి రాజీనామా ప్రకటించి మర్నాడు వెనక్కి తీసుకున్నాడు. ఆదివాసీ రైతు చేనులో ఏదైనా చేసుకోవాలంటే అడవికి ప్రమాదం, ఐదు నక్షత్రాల గుడారాలు వేస్తే ప్రమాదం లేదా అని అక్కడి జనం అడిగారు. 2021లో ఊరి పేరు కూడా మారింది. రైల్వే స్టేషను బోర్డు మీద ఇప్పుడు కెవడియా లేదు, ఏకతా నగర్ ఉంది.

ఇంకొక్కటి చెప్పాలి. రాయడానికి చెయ్యి రాదు, కానీ వదలకూడదు. ఆ పార్కుల మధ్య ఆదివాసీ మ్యూజియం కూడా కడుతున్నారు. 2024 ఆగస్టులో, ప్రపంచ ఆదివాసీ దినోత్సవానికి రెండు మూడు రోజుల ముందు, ఆ కట్టడం దగ్గర ఇద్దరు ఆదివాసీ కుర్రాళ్ళని దొంగతనానికి వచ్చారన్న అనుమానంతో అక్కడి పనివాళ్ళు కట్టేసి కొట్టారు. ఇద్దరూ చనిపోయారు. కేసు పెట్టారు, అరెస్టులు జరిగాయి. మన చరిత్ర గొప్పదని చూపించడానికి కడుతున్న ఇల్లు అది. దాని గోడలు లేవకముందే ఇద్దరు బతికున్నవాళ్ళు అక్కడ పోయారు.

మా మేడం గారికి ఇవన్నీ ఒకేసారి చెప్పలేకపోయాను. కొంచెం చెప్పాను. ఆవిడ విని, "కానీ మేడం, మేం ఎక్కిన గులాబీ రంగు ఆటో నడిపింది అక్కడి అమ్మాయే. ఎంత ధైర్యంగా మాట్లాడిందో! ఉద్యోగాలు వచ్చాయిగా?" అన్నారు.

ఈ ప్రశ్నని మనవాళ్ళు చాలామంది కొట్టిపారేస్తారు. కొట్టిపారెయ్యకూడదు. అక్కడ ఆదివాసీ ఆడవాళ్ళు ఎలక్ట్రిక్ ఆటోలు నడుపుతున్న మాట నిజం. గైడ్లుగా, తోటల్లో, హోటళ్ళలో పని చేస్తున్న మాటా నిజం. నెలకి జీతం వస్తే ఆ ఇంటికి ఎంత ఊపిరో, నా మొదటి జీతం అందుకున్న రోజు నాకు తెలుసు. మా మారేడుమిల్లిలో రోడ్డు పక్కన బొంగు చికెన్ కాల్చి అమ్మే కుర్రాళ్ళు ఆ డబ్బుతోనే చెల్లెళ్ళని చదివిస్తున్నారు. వాళ్ళ దగ్గరికి పోయి పర్యాటకం చెడ్డది అని ఉపన్యాసం ఇస్తే నవ్వుతారు, నవ్వాలి కూడా. కాబట్టి యాత్రికులు రావాలా వద్దా అన్నది ప్రశ్న కాదు. ఆటో నడిపే ఆ అమ్మాయి నిన్నటిదాకా ఏమిటి? ఆ నేల మీద హక్కు అడుగుతున్న ఇంటి మనిషి. ఇవాళ ఏమిటి? ఆ నేల మీద తిరగడానికి పర్మిట్ ఉన్న డ్రైవరు. పని ఇచ్చినవాడు రేపు తీసెయ్యగలడు. చేను అలా తీసెయ్యలేడు, తీసెయ్యకూడదనే కదా ఇన్ని చట్టాలు.

మారేడుమిల్లిలోనే రెండోరకం కూడా ఉంది. అటవీశాఖతో కలిసి వన సంరక్షణ సమితి నడిపే పర్యాటకం. వాలమూరు దగ్గర పాములేరు వాగు ఒడ్డున జంగిల్ స్టార్ విడిది అలా వచ్చిందే. వంట చేసేదీ, దారి చూపించేదీ ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. అందులో లోపాలు లేవని నేననను, అటవీశాఖ మాటే చివరిమాట అవుతుందనే ఫిర్యాదు ఎప్పుడూ వింటూనే ఉంటాం. కానీ లెక్క అడగడానికి ఒక సమితి ఉంది, సమితిలో మన పేరుంది. అదే గుడిస కొండ మీద సూర్యోదయం చూడటానికి ఆదివారాలు ఎక్కే జీపుల వరసకి ఏ సమితీ లేదు. వాళ్ళు వెళ్ళాక సీసాలు ఏరేది మాత్రం మనవాళ్ళే.

ఇప్పుడు మా ఊరి సంగతి.

పాపికొండల లాంచీలు మా ఊరి ముందునుంచే వెళ్ళేవి. చిన్నప్పుడు మేము రేవులో నీళ్ళు ముంచుకుంటుంటే లాంచీ మీది జనం చేతులూపేవాళ్ళు, ఫోటోలు తీసేవాళ్ళు. మేమూ ఊపేవాళ్ళం. వాళ్ళకి మేము కొండ, వాగు, పాకతో కలిసి ఒక దృశ్యం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర ఆ లాంచీల్లో ఒకటి, రాయల్ వశిష్ట, వరద నీళ్ళలో మునిగింది. అందులో 77 మంది. 26 మంది బతికారు. ఎలా బతికారు? ఒడ్డునున్న ఊళ్ళవాళ్ళు నాటు పడవలేసుకుని వెళ్ళి నీళ్ళలోంచి లాగారు. ఫోటోలోని దృశ్యం పడవేసుకుని వచ్చి ఫోటో తీసేవాళ్ళ ప్రాణం కాపాడింది. అప్పుడు రెండు మూడు రోజులు పేపర్లలో మావాళ్ళ గురించి బాగానే రాశారు.

ఆ తరవాత రెండేళ్ళలో పోలవరం కాఫర్ డ్యామ్ వెనక నీళ్ళు పెరిగి, మా మండలంలో ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. పొమ్మనలేక పొగబెట్టినట్టు, ప్యాకేజీ పూర్తిగా అందకముందే వరద వచ్చింది, కరెంటు పోయింది, జనం కదిలారు. మా అమ్మ ఇప్పుడు పునరావాస కాలనీలో రెండు గదుల ఇంట్లో ఉంటోంది. అక్కడికి గోదావరి కనపడదు. 2020 చివర్లో, మావాళ్ళింకా సామాన్లు కట్టుకుంటుండగానే, పోలవరం దగ్గర పెద్ద విగ్రహం, పర్యాటక కేంద్రం అనే మాటలు ప్రభుత్వం నుంచి వచ్చాయి. ప్రభుత్వాలు మారాయి గాని డ్యామ్ చుట్టూ పర్యాటకం అన్న ఆలోచన మారలేదు. నేను కెవడియా గురించి ఇంత పట్టుగా ఎందుకు చదివానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. కాలనీకని తీసుకున్న నేలలో అరవై ఏళ్ళకి జిరాఫీ తిరుగుతోంది. నీళ్ళకని తీసుకున్న మా గట్టు మీద రేపు ఏం తిరుగుతుంది?

ప్రజాప్రయోజనం అన్న మాటని మనం బడిలో సాంఘికశాస్త్రంలో చెబుతాం. ఆ మాటకి గడువు ఉండాలి. ఏ పని కోసం అడిగారో ఆ పనికే వాడాలి. 2013 భూసేకరణ చట్టం 99వ సెక్షన్ సరిగ్గా అదే అంటుంది, తీసుకున్న ప్రయోజనం మార్చకూడదని. అందులోనూ, ఊహించని మార్పు వల్ల ఆ భూమి అసలు పనికి పనికిరాకపోతే వేరే ప్రజావసరానికి వాడొచ్చని ఒక మినహాయింపు పెట్టారు. 41వ సెక్షన్, షెడ్యూల్డ్ ప్రాంతంలో వీలైనంత వరకు భూమి తీసుకోవద్దు, తప్పకపోతే గ్రామసభ ముందస్తు సమ్మతి ఉండాలి అంటుంది. కెవడియా భూమిని తీసుకున్నది అంతకు ఎన్నో ఏళ్ళ ముందు, 1894 నాటి ఇంగ్లీషువాళ్ళ చట్టం కింద. ఆ చట్టంలో ఒకసారి తీసుకుంటే ప్రభుత్వానిదే, మరో ప్రజావసరానికి మార్చుకోవచ్చు అన్నట్టే కోర్టులు చెప్పుకుంటూ వచ్చాయి. మనకి మెరుగైన చట్టం ఉంది. కానీ చట్టం తనంతట తాను లేచి నడవదు.

2025 జనవరి చివర్లో విశాఖలో పర్యాటక పెట్టుబడిదారుల సదస్సు జరిగింది. అక్కడ మన అసెంబ్లీ స్పీకర్ అయ్యన్నపాత్రుడు, ఏజెన్సీలో పర్యాటకం పెరగాలంటే 1/70 చట్టాన్ని సవరించాలనే అభిప్రాయం చెప్పారు. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో ఆదివాసీ సంఘాలు 48 గంటల ఏజెన్సీ బంద్ చేశాయి. పాడేరు, అరకు నుంచి రంపచోడవరం దాకా దుకాణాలు మూసేశారు, బస్సులు ఆగాయి. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 1/70ని మార్చే ఆలోచన లేదని ప్రకటించాల్సి వచ్చింది. ఇది చిన్న గెలుపు కాదు. కెవడియాలో 72 ఊళ్ళు పొయ్యి ఆర్పినా ఆగని పని, ఇక్కడ రెండు రోజుల బంద్‌తో మాట దశలోనే ఆగింది. తేడా ఎక్కడుంది? మన దగ్గర ధైర్యం ఎక్కువని నేననుకోను. మన దగ్గర 1/70 ఉంది, దానికి సమత తీర్పు తోడుంది.

రామచంద్రపురంలో ఆ బంద్ వార్త లోపలి పేజీలో చిన్న ముక్క. స్టాఫ్‌రూంలో ఒకరిద్దరు, "ఎందుకండీ మీవాళ్ళు అభివృద్ధికి అడ్డం పడతారు?" అని నన్నే అడిగారు. నేను ఎదురు ప్రశ్న వేశాను. "ఇక్కడ కాలవ గట్టు కింద మీ రెండెకరాల్లో వాటర్ పార్కు కట్టుకుంటామని ఎవరైనా వస్తే ఏం చేస్తారు?" "రేటు మాట్లాడతాం" అన్నారాయన. నవ్వుకున్నాం. నవ్వాక నేనన్నాను, మీరు రేటు మాట్లాడేది ఆ పొలం మీదని అందరూ ఒప్పుకున్నారు కాబట్టి. మమ్మల్ని అడిగేటప్పటికే మాది కాదని తేల్చేసి ఉంటారు.

ఎవరి మాట చెవికెక్కుతుందన్నదానికి ఇంకో దేశం ముచ్చట చెబుతాను. థీమ్ పార్కులకి పెద్ద పేరు డిస్నీ కంపెనీ. 1993 నవంబరులో అది అమెరికాలో వర్జీనియా రాష్ట్రం హేమార్కెట్ దగ్గర, అంతర్యుద్ధం నాటి మనాసస్ యుద్ధభూమికి కొద్ది మైళ్ళ దూరంలో, అమెరికా చరిత్ర మీద ఒక పార్కు కడతానంది. రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగాలొస్తాయని సరేనంది. అక్కడి భూస్వాములు, పర్యావరణ సంఘం, దేశంలోని పేరున్న చరిత్రకారులు కలిసి ఎదురు తిరిగారు. పత్రికలు నెలల తరబడి రాశాయి. 1994 సెప్టెంబరులో డిస్నీ ఆ చోటు వదిలేసింది. అక్కడ వాళ్ళని ఎవరూ అభివృద్ధి నిరోధకులు అని తీసిపారేసి ఊరుకోలేకపోయారు, ఎందుకంటే వాళ్ళలో కలం ఉన్నవాళ్ళున్నారు, డబ్బున్నవాళ్ళున్నారు. అన్నట్టు ఆ పార్కు పథకంలో అమెరికా ఆదివాసుల పల్లె ఒకటి ప్రదర్శనగా ఉంది. ఒకప్పుడు ఆ నేల ఎవరిదో వాళ్ళు, బొమ్మల పల్లెగా.

ఇక మన తప్పు. ఇది రాయకపోతే మిగతాదంతా దొంగమాట అవుతుంది.

నేను ఆశ్రమ పాఠశాలలో చదివేటప్పుడు ఎవరైనా అధికారి వస్తే మాకు డాన్సు. పండగప్పుడు మా ఊళ్ళో రేలా పాటకి అడుగులు వేసేది ఎవరికోసం వేసేవాళ్ళం? విత్తనాల కోసం, పెళ్ళి కోసం, మాకోసం. బడిలో వేసేది కుర్చీలో కూర్చున్నాయన కోసం. ఎండలో గంట నిలబెట్టి, ఆయన రాగానే డప్పు కొట్టించేవాళ్ళు. ఆయన చప్పట్లు కొట్టి, బిస్కట్ ప్యాకెట్లు పంచి వెళ్ళిపోయేవాడు. మా హాస్టల్లో బాత్రూములకి తలుపులు లేవని ఆయనకి ఎవరూ చెప్పేవాళ్ళు కాదు, డాన్సు చేస్తూ చెప్పలేం కదా. పెద్దయ్యాక టీచర్నై నేను చేసిందేమిటి? ఏజెన్సీ బడిలో ఉన్న ఆరేళ్ళూ ఆగస్టు 9 వస్తే నా పిల్లలకి అవే తలపాగాలు కట్టి అలాగే నిలబెట్టాను. ఫోటో పేపర్లో పడితే కత్తిరించి దాచుకున్నాను. ఆ రోజు ఒక్క పిల్లకి అయినా 1/70 అంటే ఏమిటో చెప్పానా? చెప్పలేదు.

అరకు వెళ్ళినవాళ్ళు అక్కడి గిరిజన మ్యూజియం చూసే ఉంటారు. ధింసా ఆడుతున్న ఆడవాళ్ళ బొమ్మలు, పెళ్ళి బొమ్మలు, రోకలి దంచే బొమ్మ. పనితనం బాగుంటుంది, నేను తీసిపారెయ్యను. మా పిల్లలు వాటి మధ్య నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు. కానీ ఆ బొమ్మల్లో ఒక్కటి కూడా గ్రామసభలో చెయ్యెత్తుతున్నట్టు నాకు కనపడలేదు. దరఖాస్తు పట్టుకుని ఐటీడీఏ వరండాలో కూర్చున్న బొమ్మ లేదు, అటవీ హక్కుల పట్టా చూపిస్తున్న ముసలమ్మ బొమ్మ లేదు. ఆ పనులు మనం ధింసా కన్నా ఎక్కువ రోజులు చేస్తున్నాం. ధింసా బొమ్మ ఎవరికీ ఇబ్బంది పెట్టదు. బొమ్మలు పట్టా అడగవు. థీమ్ పార్కువాళ్ళకి కావాల్సిన ఆదివాసీ అదే. మన బడుల్లో మనం తయారుచేసి ఇస్తున్నదీ దాదాపు అదే.

డాన్సు మానెయ్యమనా? కాదు. మా అమ్మ విన్నా ఊరుకోదు. డాన్సు తరవాత ఇంకో పావుగంట ఉండాలి అంటున్నాను. ఆ పావుగంటలో ఏం చెప్పాలో మనకి సిలబస్ కూడా ఉంది. 1970లో వచ్చిన ఒకటో రెగ్యులేషన్, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడికి మారకూడదంటుంది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి కూడా, కాదని రుజువయ్యేదాకా, గిరిజనుడి నుంచి వచ్చిందనే అనుకోవాలంటుంది. 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఆ "వ్యక్తి" అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉంది అంది. అంటే ప్రభుత్వం తన భూమినైనా ఏజెన్సీలో గిరిజనేతర కంపెనీకి లీజుకివ్వకూడదు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి మాట అది, మూడో జడ్జి ఒప్పుకోలేదు. ఆ కేసు ఎక్కడిది? అనంతగిరి మండలం, బొర్రా ప్రాంతం గనుల లీజులది. మన పిల్లలు విహారయాత్రకి వెళ్ళి బొర్రా గుహల్లో గబ్బిలాల వాసనకి ముక్కు మూసుకుని, శివలింగంలా ఉన్న రాయికి దండం పెట్టి వస్తారు. ఈ దేశంలో ఆదివాసీ భూమికి దొరికిన పెద్ద తీర్పుల్లో ఒకటి ఆ కొండ మీదే పుట్టిందని ఏ గైడూ చెప్పడు. టీచర్లం మనమైనా చెప్పామా?

తెలియకపోతే ఏమవుతుందో టీచర్లకి వేరే చెప్పనక్కర్లేదు. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో నంబరు 3 మనకి 2000లో వచ్చింది. దాని మీద ఏళ్ళ తరబడి కేసు నడుస్తుంటే మనలో ఎంతమంది పట్టించుకున్నాం? 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేశాక అందరం లేచాం. 1/70 కూడా ఒకరోజు పొద్దున్నే అలా పోవచ్చు. లేదా పోకుండానే పోవచ్చు, అదింకా సులువు. పేరు మనవాడిది, డబ్బు వేరేవాడిది, బోర్డు మీద ఏదో కొండపేరు. అలాంటి రిసార్టుల గురించి ఏజెన్సీలో తెలియనివాళ్ళు లేరు. సంతకం పెట్టిన మనవాణ్ణి తిట్టడం తేలిక. అతనికి బ్యాంకు అప్పు ఎవరిచ్చారు, సొంతంగా నాలుగు గదులు కట్టుకుంటానంటే ఏ ఆఫీసు సాయం చేసింది అని కూడా అడగాలి. భూమి పోనివ్వని చట్టం మాత్రమే ఉండి, ఆ భూమి మీద నిలబడటానికి పెట్టుబడి లేకపోతే చట్టం ఒంటికాలి మీద నిలబడ్డట్టే.

కిందటి నెల కాలనీకి వెళ్ళినప్పుడు మా అమ్మకి ఆ వీడియో చూపించాను. డాన్సు చూసింది, అడుగు తప్పు పడుతోందని నవ్వింది. తరవాత విగ్రహం ఫోటో చూపించాను. దాని ఎత్తు చెప్పాను. అమ్మ విగ్రహాన్ని కాదు, వెనకనున్న కొండని వేలితో పెద్దది చేయమంది. "అక్కడ ఏం పండించేవాళ్ళు?" అంది. మొక్కజొన్న, కందులు అని చదివానన్నాను. "మనలాగే" అని ఫోను ఇచ్చేసింది.

మా స్కూలు పిల్లల్ని ఈ ఏడాది విహారయాత్రకి ఎక్కడికి తీసుకెళ్ళాలన్న చర్చ నడుస్తోంది. ఎక్కువమంది వాటర్ పార్కు అన్నారు, పిల్లలు కూడా. నేను బొర్రా అన్నాను. డెల్టా పిల్లలకి సమత కేసు ఎందుకు అని హెడ్మాస్టారు అడగలేదు గాని ఆయన మొహంలో ఆ ప్రశ్న ఉంది. మా తరగతిలో కాలవ గట్టు మీద గుడిసెల్లో ఉండే ఎరుకల పిల్లలు ముగ్గురున్నారు, ఆ గట్టు వెడల్పు చేస్తారని రెండేళ్ళుగా వింటున్నారు. ఎందుకో వాళ్ళకి అర్థమవుతుందని చెప్పాను. గుహలు చూశాక మా పిల్లలతో ఒక అరగంట మాట్లాడటానికి ఎవరైనా పెద్దలు ఒప్పుకుంటారా అని అక్కడి పంచాయతీకి ఒక ఉత్తరం రాశాను. ఆ టికెట్టు డబ్బులో ఊరికి ఎంత వస్తుందో కూడా అడిగాను, ఏడో తరగతి లెక్కల్లో శాతాల పాఠం ఉంది కాబట్టి. ఉత్తరం పోస్టు చేసి నాలుగు రోజులైంది.